తంజావూరు ప్రేమకథకి లైకులొస్తున్నాయి, ఆర్డర్లు రావడం లేదు: ఏం చేయాలి?

ప్రశ్న: పదిహేడో శతాబ్దంలో తంజావూరుని ఏలిన విజయరాఘవ నాయకుడి కాలం నేపథ్యంగా చారిత్రక ప్రేమ నవల రాశాను. నాయిక కొలువులో యక్షగానాలు చెప్పే కవయిత్రి, సంపాదన ఆమెది. కథానాయకుడు ఆమె చెప్పింది తాటాకు మీద ఎక్కించే వ్రాయసకాడు, ఇల్లు చూసుకునేదీ వంట చేసేదీ అతనే. సొంత ఖర్చుతో 500 కాపీలు వేశాను. 272 పేజీలు, వెల రూ.250, కాపీకి దాదాపు రూ.100 పడింది. వెనక అట్ట మీద ‘స్త్రీపురుష సమానత్వాన్ని చాటే అపురూప చారిత్రక ప్రణయ గాథ’ అని వేయించాను. రెండు నెలల్లో 90 పోయాయి, సగం చుట్టాలే కొన్నారు. పోస్టులకి లైకులు వస్తున్నాయి, ఆర్డర్లు లేవు. ప్రచారం ఎలా చేసుకోవాలి?

జవాబు:

ముందు ఆ వెనక అట్ట వాక్యం సంగతి చూడండి. మీ పోస్టులు, వాట్సాప్ మెసేజీలు అన్నీ దాని నకళ్లే అయ్యుంటాయి. ఆ వాక్యం చదివి సమానత్వం కావాలనుకునేవాళ్లు లైకు కొట్టి వెళ్లిపోతారు, వాళ్లకి తెలిసిన మాటే కాబట్టి. ప్రేమకథలు చదివేవాళ్లు ఇదేదో ఉపన్యాసమని పక్కన పెడతారు. చరిత్ర ఇష్టపడేవాళ్లకి అందులో ఏ ఊరో, ఏ కాలమో కూడా లేదు. ‘అపురూప’ అన్న మాట మన పుస్తకాల అట్టల మీద ఎంత అరిగిపోయిందంటే, కళ్లు దాన్ని దాటుకుని పోతాయి.

అదే కథని ఇలా చెప్పి చూడండి:

‘తంజావూరు, 1670. ఆమె చెబుతుంది, అతను గంటం పడతాడు. కొలువులో ఆమెకి చేతులెత్తి మొక్కినవాళ్లే వీధిలో అతన్ని చూసి మూతి ముడుస్తారు. ఒక పొద్దున ఆమె చెప్పని చరణం ఒకటి ఆకు మీద కనిపించింది. రాసింది అతను. బాగుంది కూడా. ఇప్పుడది ఎవరి పేరు మీద కొలువెక్కాలి?’

ఇందులో సమానత్వం అన్న మాటే లేదు. అయినా ఎవరి చేతిలో ఏం ఉంది, ఊరు ఎవర్ని చూసి నవ్వుతోంది అన్నది మొదటి రెండు వాక్యాల్లోనే అర్థమవుతుంది. చరణం సంగతి ఉదాహరణకి నేను కల్పించింది. మీ నవల్లో ఆ ఇద్దరి మధ్యా మొదటిసారి ఇరకాటం పుట్టిన ఘట్టం ఏదుంటే అది పెట్టండి. సంవత్సరం మాత్రం వదలకండి. 1673లో మధుర చొక్కనాథ నాయకుడి సేనలు తంజావూరు మీద పడ్డాయి, విజయరాఘవుడు ఆ యుద్ధంలోనే పోయాడు. ‘1670’ చూడగానే చరిత్ర తెలిసిన పాఠకుడికి మూడేళ్ల గడువు కనిపిస్తుంది. తెలియనివాళ్ల కోసం రెండో పోస్టులో చెప్పొచ్చు. అట్ట ఇప్పటికే అచ్చయింది కాబట్టి, కొత్త మాటలతో పుస్తకం వెడల్పున ఒక కాగితం పట్టీ కొట్టించి మిగిలిన 410 కాపీలకీ చుట్టండి. చిన్న ఖర్చు, పనికొస్తుంది.

చరిత్రని ప్రచారంలో వాడేటప్పుడు ఒకచోట చాలామంది జారతారు: ‘ఆ రోజుల్లో ఆడవాళ్లు మగవాళ్లతో సమానం’ అని రాసేస్తారు. కింద ఎవరో ఒకరు పట్టుకుంటారు, సరిగ్గానే పట్టుకుంటారు. రఘునాథ నాయకుడి కొలువులో (1600–1634) రామభద్రాంబ, మధురవాణి సంస్కృతంలో కావ్యాలు చెప్పారు. విజయరాఘవుడి కొలువులో పసుపులేటి రంగాజమ్మకి కనకాభిషేకం జరిగింది. ఇవి గట్టి ఆధారాలున్న సంగతులు. కానీ ఆ చదువూ ఆ మర్యాదా దక్కింది ముఖ్యంగా కొలువునీ కళనీ నమ్ముకున్న స్త్రీలకి. ఊళ్లో ఇల్లాలికి ఆ వాటా లేదు. ఈ తేడా దాచకుండా చెబితే మీకే లాభం. మీ నాయికకి గంటం పట్టే మనిషి దొరికాడు, పక్కింటి ఇల్లాలికి అక్షరమే దొరకలేదు. నవలకి అసలు బలం అక్కడుంది, పోస్టుకీ అక్కడే ఉంది.

కవయిత్రి ముద్దుపళని ప్రస్తావన కూడా ఒక్కసారి వాడుకోండి, ఒక్కసారే. ఆమెది మీ కథకి డెబ్బై, తొంభై ఏళ్ల తర్వాతి కాలం, మరాఠా ప్రతాపసింహుడి (1739–63) కొలువు. ఆమె ‘రాధికా సాంత్వనం’ కావ్యాన్ని గాయని బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో వావిళ్ల వారి చేత అచ్చు వేయిస్తే, మరుసటి ఏడే ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు (1946–47) ఆ నిషేధం పోయింది. మగకవులు అదే శృంగారం రాస్తే ప్రబంధం, ఆడది రాస్తే కేసు. ఈ ఉదంతం మీద రాసిన పోస్టు జనం పంచుకుంటారు. అయితే ‘ముద్దుపళని వారసత్వంలో వచ్చిన నవల’ అని మాత్రం అనకండి. ఆ పోలిక పాఠకులు చేస్తే అందం, రచయిత చేసుకుంటే ఎబ్బెట్టు.

దేవదాసి, భోగం, సాని లాంటి మాటలు నవల లోపల ఆ కాలపు పాత్రల నోట్లో ఉండొచ్చు. పోస్టర్ మీద, రీల్ మీద వద్దు. ఆ మాటలు ఈ రోజుకీ కొన్ని కుటుంబాలకి తగిలే మాటలు. పైగా గుడికి అంకితమైన దేవదాసీ, రాజు కొలువులోని కవయిత్రీ ఒకటి కాదు. ‘ఆస్థాన కవయిత్రి’ అంటే సరిపోతుంది, తప్పూ కాదు. ఎవరైనా నొచ్చుకుని కామెంటు పెడితే చెరిపేయొద్దు, వాదించొద్దు. నవల్లో ఆ సందర్భం ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పి ఆపండి.

బొమ్మల దగ్గరికొస్తే, ఏఐతో చేయించిన చిత్రాలు చారిత్రక నవలలకి ఇప్పుడు పెద్ద తలనొప్పి. మీ నాయిక చేతిలో వీణ పెట్టారా? పెడితే మెట్లు లెక్కపెట్టండి. 24 మెట్లు స్థిరంగా ఉండే తంజావూరు వీణ రఘునాథ నాయకుడి కాలంలోనే రూపుదిద్దుకుందని సంగీతం వాళ్లందరూ చెప్పుకునేదే. ఏఐ గీసిన వీణకి ఒకచోట పదకొండు, ఒకచోట ముప్ఫై ఉంటాయి, బిరడాలు కుండ దగ్గర మొలుస్తాయి. మీ పుస్తకం కొనే అవకాశం ఎక్కువున్నదే కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు, వాళ్ల కన్ను మొదట పడేదీ అక్కడే. చీరకట్టు కూడా అంతే: కుచ్చిళ్లు పెట్టి, చేతుల జాకెట్టు తొడిగి, ఎడమ భుజం మీదుగా పైట వేసిన నాయిక రవివర్మ బొమ్మల్లోంచి నడిచొచ్చినట్టుంటుంది, పదిహేడో శతాబ్దం నుంచి కాదు. మనిషి బొమ్మ అవసరమే లేదసలు. తాటాకు, గంటం, ఆకు మీద గీతల్లో అక్షరాలు కనబడేలా మసి రుద్దుతున్న మగచేయి. ఆ ఒక్క ఫొటో చాలు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకి డబ్బు పెట్టే ముందు లెక్క చూసుకోండి. మీ చేతిమీదుగా నేరుగా అమ్మిన కాపీకి 250లోంచి అచ్చు 100, పోస్టేజీ ప్యాకింగ్ 50 పోతే 100 మిగులుతుంది. అంటే ఒక ఆర్డరు తేవడానికి ప్రకటన వందకి మించి తింటే చేతి డబ్బు పోతున్నట్టే. రోజుకి రూ.200 చొప్పున ఐదు రోజులు, రెండు రకాల ప్రకటనలు విడివిడిగా నడపండి: ఒకటి ప్రేమ వైపు నుంచి, ఒకటి చరిత్ర వైపు నుంచి. ప్రకటన నొక్కితే వాట్సాప్ చాట్ తెరుచుకునేలా పెట్టండి, వెబ్‌సైటుకి పంపితే మధ్యలో సగం మంది జారిపోతారు. ఐదో రోజు లైకుల వైపు చూడకుండా, ఎన్ని చాట్‌లు వచ్చాయి, అందులో ఎంతమంది డబ్బు కట్టారు అన్నదే చూడండి. ఓడిన దాన్ని ఆపేయండి. ప్రకటనలో ‘శృంగారం’ అని రాసినా, ఒళ్లు కనిపించే బొమ్మ వేసినా పెద్దల కంటెంట్ కింద తిరస్కరించే ప్రమాదం ఉంది. ‘ప్రేమకథ’ అనండి. ‘రొమాన్స్’ అన్న మాటకి మన దగ్గర ఇంకో అర్థం పట్టుకుంది, దాన్ని చూసి వచ్చేవాళ్లు మీ పాఠకులు కారు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పడతారు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. అందుకే కొన్న ప్రతి ఒక్కరికీ పార్శిల్‌లో ఒక చీటీ పెట్టండి: ‘ఈ నంబరు సేవ్ చేసుకుంటే నవల్లోని తంజావూరు మ్యాపు పంపుతాను’ అని. మ్యాపు నిజంగా గీయించండి మరి: కోట, రాజగోపాల స్వామి గుడి, పెద్దగుడి, ఉత్తరాన తిరువయ్యారు వైపు కావేరి పాయలు.

ఇంతకీ పాఠకులు ఎక్కడున్నారు? స్త్రీవాద సాహిత్య వేదికలు, పత్రికలు ఒక వైపు: భూమిక, విహంగ, నెచ్చెలి లాంటివి. ఇంకో వైపు, రచయితలు దాదాపు పట్టించుకోని చోటు ఒకటుంది. కూచిపూడి, కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు. హైదరాబాద్, విజయవాడ, చెన్నై, బెంగళూరు, అమెరికా, ఎక్కడ తెలుగువాళ్లుంటే అక్కడ డాన్స్ క్లాసు ఒకటి ఉంటుంది. మీ కథ వాళ్ల ఇంటి కథే. తంజావూరు పక్కన మెలట్టూరులో ఇప్పటికీ ఏటా నరసింహ జయంతి రోజుల్లో తెలుగు భాగవత మేళా నాటకాలు ఆడతారు, ఆడవేషాలన్నీ మగవాళ్లే కడతారు. కూచిపూడిలోనూ ఒకప్పుడు అదే సంప్రదాయం, వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామని చూసి ఆడవాళ్లే నడక నేర్చుకోవచ్చు అనేవారు. రంగాజమ్మ చేతిలో యక్షగానం ఉన్న నేల మీద తర్వాత ఆడవేషం కూడా మగవాళ్లదే ఎలా అయింది? ఈ ప్రశ్న వేసి వదిలేయండి. చర్చ దానంతటదే నడుస్తుంది, మీ నవల సరిగ్గా దాని నడిమధ్యలో ఉంటుంది.

డాన్స్ గురువులకి ఉచితంగా కాపీ పంపడం కంటే, వార్షికోత్సవం రోజు హాలు గుమ్మం దగ్గర చిన్న బల్ల అడగండి. అమ్మిన ప్రతి కాపీ మీద రూ.50 వాళ్ల స్కూలుకి ఇస్తానని ముందే చెప్పండి. దుకాణానికి ఇచ్చే కమీషన్ కంటే తక్కువే పడుతుంది.

తేదీలు కూడా అటు నుంచే పట్టుకోండి. పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన. అక్కడ సమాధి మీద గుడి కట్టించింది, ఆడవాళ్లు పాడే హక్కు కోసం పోరాడింది పైన చెప్పిన నాగరత్నమ్మే. వైశాఖ శుద్ధ చతుర్దశి నరసింహ జయంతి. ఈ రెండింటికీ పది రోజుల ముందు నుంచి మూడేసి పోస్టులు సిద్ధం చేసుకోండి. మార్చి 8 మాత్రం వదిలేయండి. ఆ రోజు నగల కొట్టు నుంచి నూనె కంపెనీ దాకా అందరూ స్త్రీశక్తి గురించే మాట్లాడతారు, మీ గొంతు వినబడదు.

సమీక్షలకి 30 కాపీలు తీసి పెట్టుకోండి, అంతకంటే వద్దు. దినపత్రికల పుస్తక పరిచయం పేజీలకి, ఆంధ్రజ్యోతి వివిధ లాంటి సాహిత్య పేజీలకి సాధారణంగా రెండేసి కాపీలు పంపాలి. ఈమాట, సారంగ, పుస్తకం.నెట్ లాంటి చోట్ల పడిన సమీక్ష ఏళ్ల తరబడి వెతికితే దొరుకుతుంది, పేపర్లో పడింది ఆ వారమే. రెండూ కావాలి, కానీ ఓపిక పేపర్లకి కాకుండా వెబ్ పత్రికలకి పెట్టండి. కాపీతో పాటు ఒక పేజీ వివరాలు జత చేయండి: కాలం, నిజమైన పాత్రలు ఎవరు, కల్పితం ఎవరు, వెల, దొరికే చోటు, అట్ట బొమ్మ ఎక్కడ దింపుకోవాలి. సమీక్షకుడికి పని తగ్గితే సమీక్ష తొందరగా వస్తుంది. పీడీఎఫ్ అడిగితే ఇవ్వొచ్చు, కానీ ప్రతి పేజీ అడుగున ఆ మనిషి పేరు వేసి ఇవ్వండి. పేరు లేని పీడీఎఫ్ టెలిగ్రామ్ గ్రూపులోకి చేరడానికి వారం చాలు. అమెజాన్‌లో చుట్టాల చేత రివ్యూలు రాయించకండి, అది వాళ్ల నిబంధనలకి విరుద్ధం. పైగా ఒకే రోజు పది అయిదు నక్షత్రాలు పడితే పాఠకుడికే అనుమానం వస్తుంది.

ఆవిష్కరణ సభ ఇంకా పెట్టలేదంటే మంచిదే. ఎనిమిది మంది వక్తలు, శాలువాలు, రెండున్నర గంటలు, చివర్లో టీ తాగి అందరూ వెళ్లిపోవడం: ఈ సభలో పుస్తకాలు అమ్ముడుపోవు. ముగ్గురు చాలు. ఒకరు నాయక రాజుల చరిత్ర తెలిసినవాళ్లు, ఒకరు కథ మీద మాట్లాడేవాళ్లు, మూడోవారు పుస్తకంలోంచి ఆరు నిమిషాలు చదివి వినిపించేవాళ్లు. చదివేది మగగొంతు అయితే బాగుంటుంది, వంటింట్లో ఉన్న నాయకుడి ఘట్టం అయితే ఇంకా బాగుంటుంది. మొత్తం గంటా పదిహేను నిమిషాలు. హైదరాబాద్‌లో లామకాన్ లాంటి చోటో, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో చిన్న హాలో సరిపోతుంది. అరవై మంది కూర్చునే గదిలో యాభై మంది ఉంటే నిండుగా ఉంటుంది, మూడొందల కుర్చీల్లో అదే యాభై మంది వెలవెలబోతారు. అమ్మే బల్ల గుమ్మం దగ్గర, లోపలికి వచ్చే దారిలో పెట్టండి. ఆ రోజు వెల రూ.200 అని పెద్ద అక్షరాలతో రాయండి, చిల్లర గొడవ ఉండదు. క్యూఆర్ కోడ్ రెండు చోట్ల అతికించండి. బల్ల దగ్గర మీరు కూర్చోకూడదు, మీ దగ్గర డబ్బు కట్టడానికి మొహమాటపడేవాళ్లు, ఉచితంగా అడిగేవాళ్లు ఇద్దరూ ఉంటారు.

దుకాణాలకి 40 శాతం, పంపిణీదారుకి 50 దాకా ఇవ్వాల్సి వస్తుందనుకోండి. అప్పుడు మీకు కాపీ మీద మిగిలేది 50, లేదా 25. దుకాణంలో పుస్తకం పెట్టేది లాభం కోసం కాదు, అడిగినవాడికి దొరకడం కోసం. నవోదయ లాంటి నాలుగైదు పెద్ద తెలుగు పుస్తకాల షాపులకి పదేసి చొప్పున, ఆన్‌లైన్ తెలుగు పుస్తకాల వాళ్లకి ఇరవై చాలు. అమ్మకం తర్వాత చెల్లింపు పద్ధతి కాబట్టి డెలివరీ చలానా రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద సంతకం తీసుకోండి. మూడు నెలలకోసారి మీరే ఫోన్ చేయాలి, వాళ్లు చేయరు. అది వాళ్ల తప్పేం కాదు, షాపులో వేల పుస్తకాలుంటాయి.

డిసెంబరులో హైదరాబాద్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక ప్రదర్శనలకి ఒక్క నవల కోసం స్టాలు తీసుకోవద్దు, అద్దె కూడా రాదు. తెలిసిన ప్రచురణకర్త స్టాల్లో 40 కాపీలు పెట్టించి, శని ఆదివారాల సాయంత్రాలు అక్కడ నిలబడండి. అక్కడ మనిషి పుస్తకం తీసి ముందు వెల చూస్తాడు, తర్వాత మొదటి పేజీ అర నిమిషం చదువుతాడు. మీ మొదటి అధ్యాయం ముందు పన్నెండు పేజీల ముందుమాటలుంటే ఆ అర నిమిషం అక్కడే అయిపోతుంది. ఈ ముద్రణలో చేయగలిగింది లేదు కాబట్టి, మొదటి అధ్యాయం మొదలయ్యే పేజీలో బుక్‌మార్కు పెట్టి ఉంచండి. రెండో ముద్రణలో ముందుమాటలన్నీ చివరికి పంపండి.

ఐఎస్‌బీఎన్ లేకపోతే తీసుకోండి, మన దేశంలో ఉచితమే. పుస్తకాలకి జీఎస్టీ లేదు, పుస్తకాలు మాత్రమే అమ్మేవాళ్లు జీఎస్టీ నంబరు లేకుండానే అమెజాన్‌లో అమ్మకందారుగా చేరొచ్చు. వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకి, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకి ఒక్కో కాపీ పంపాలని 1954 చట్టం. మీరు గడువు దాటారు, అయినా పంపేయండి.

ఈబుక్, సీరియల్ సంగతికి ముందు ఒక చిక్కు. మీ డీటీపీ ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో జరిగి ఉంటే ఆ ఫైలు అక్కడ పనికిరాదు, ఫోన్లూ వెబ్‌సైట్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చే టూల్ తొంభై శాతం పని చేస్తుంది, మిగతా పదిలో పరువు పోతుంది. ఒత్తులు పక్కకి జరగడం, భ-ఖ తారుమారు, పద్యాల్లో అరసున్న మాయం. మీ నవల్లో పద్యాలు, యక్షగాన దరువులు ఉంటాయి కాబట్టి అవి ఒక్కొక్కటీ చేత్తో సరిచూడండి. ప్రతిలిపి లాంటి చోట సీరియల్‌గా పెడితే మొదటి ఎనిమిది అధ్యాయాలు మాత్రమే, ఒక్కో భాగం వెయ్యి పదాల దగ్గర తెగేలా, వారానికి రెండు. మొత్తం పెట్టేస్తే పుస్తకం ఎవరూ కొనరు. ఆడియోబుక్ వాళ్లు అడిగితే సంతోషపడి సంతకం పెట్టకండి: ప్రత్యేక హక్కు ఎన్నేళ్లు, సినిమా వెబ్‌సిరీస్ హక్కులు అందులో కలిశాయా అన్నది చదవండి. చారిత్రక ప్రేమకథలో అన్నిటికంటే విలువైనది ఆ ఆఖరి హక్కే.

లెక్క ఇలా వస్తుంది: 410లో సమీక్షలకి 30, దుకాణాలకీ ఆన్‌లైన్ వాళ్లకీ 70, సభకి 50, రెండు ప్రదర్శనలకి 80, డాన్స్ స్కూళ్లకి 60, వాట్సాప్ మీద నేరుగా 100. మిగిలిన 20 కట్ట కట్టి అటక మీద పెట్టండి, ఎవరడిగినా తీయొద్దు. అవార్డులకి నాలుగైదు కాపీలు పంపమంటారు, అప్పటికి మార్కెట్లో మీ పుస్తకం దొరకదు.